ఉత్తరాలపెట్టె మనది, తాళంచెవి ఎవరిది?



"మెయిలు ఐడీ చెప్పండమ్మా!" ఈమధ్య ఎక్కడికెళ్ళినా ఇదే మాట. పిల్లల స్కూల్లో అడుగుతారు, రక్తపరీక్ష దగ్గర అడుగుతారు, రైలు టిక్కెట్టుకీ అడుగుతారు. మనం వెంటనే అబ్బాయిదో, వారిదో చెప్పేస్తాం. లేదా ఫోను కొన్నప్పుడు దుకాణంలో కుర్రాడు పెట్టిచ్చింది ఒకటుంటుంది. దాని పాస్‌వర్డు మాత్రం మనకి తెలీదు.

నేనూ అలాగే దుకాణంలో పెట్టించుకున్నాను. మూడేళ్ళు హాయిగా నడిచింది. ఓరోజు ఫోను నీళ్ళబకెట్లో పడింది. కొత్తది కొంటే పాస్‌వర్డు అడిగింది. తెలీదంటే పాత నంబరుకి కోడు పంపుతానంది. ఆ నంబరు రీచార్జి మానేసి ఏడాది దాటింది. మా అత్తగారి ఆపరేషను కాగితాలు, బీమా రసీదులు అన్నీ అందులోనే ఉండిపోయాయి. నకళ్ళ కోసం నెల్లాళ్ళు ఆస్పత్రి చుట్టూ తిరిగాను. తప్పు నాదే. అంచేత మీకు ముందే చెబుతున్నాను, మెయిలు మన చేత్తో మనమే పెట్టుకోవాలి.

ఇదేమంత బ్రహ్మవిద్య కాదండీ. ఆండ్రాయిడ్ ఫోనుల్లో జీమెయిల్ సాధారణంగా ముందే ఉంటుంది. తెరిచి, పైన కుడిమూల గుండ్రటి బొమ్మ నొక్కండి. "యాడ్ అనదర్ ఎకౌంట్", తరవాత "గూగుల్", ఆపైన "క్రియేట్ ఎకౌంట్" నొక్కితే పేరు, పుట్టినరోజు అడుగుతుంది. తరవాత చిరునామా ఎంచుకోవాలి. ఫోనులో ఎవరికైనా చెబితే ఒక్కసారికే అర్థమయ్యేలా చిన్నదిగా పెట్టుకోండి. మధ్యలో 'ఎ' అక్షరం చుట్టూ సున్న చుట్టినట్టుండే గుర్తు వస్తుంది, చూశారూ, దాన్ని మెయిలు చిరునామాలో 1971లో మొదట వాడినాయన రే టామ్లిన్‌సన్ అనే అమెరికా ఇంజనీరు. గుర్తుకి ముందున్నది మన పేరు, తరవాతది మన పెట్టె ఉన్న చోటు.

పాస్‌వర్డులో కనీసం 8 అక్షరాలుండాలి. పిల్లల పేర్లు, పెళ్ళిరోజులు వద్దు, ఎవరైనా ఊహించేస్తారు. ఒక పుస్తకంలో రాసి, నగల రసీదులు పెట్టుకునేచోట దాచండి. ఫోను వెనకాల చీటీ అంటించకండి సుమండీ!

అన్నిటికన్నా ముఖ్యమైంది ఇప్పుడు చెబుతాను. అదే గుండ్రటి బొమ్మ నొక్కి, ఎకౌంటు వివరాల్లో సెక్యూరిటీ విభాగానికి వెళ్ళండి. అక్కడ "రికవరీ ఫోన్" దగ్గర మీరు ఇప్పుడు వాడుతున్న నంబరు ఉందా? "రికవరీ ఈమెయిల్" దగ్గర మీకు నమ్మకమైనవాళ్ళ చిరునామా ఉందా? నంబరు మార్చినరోజే ఇక్కడా మార్చండి. వాడకం మానేసిన నంబరు కొన్నాళ్ళకి మరొకరికి వెళ్ళిపోతుంది.

ఉత్తరం రాయడం సులువే. కింద కుడివైపు పెన్సిలు బొమ్మ నొక్కండి. "టు" దగ్గర చిరునామా, "సబ్జెక్ట్" దగ్గర సంగతేమిటో ఒక్కముక్క, కింద విషయం రాయాలి. తెలుగులోనూ రాయొచ్చు. పేపర్‌క్లిప్పు బొమ్మతో కాగితాల ఫొటోలు జతచెయ్యొచ్చు, అన్నీ కలిపి 25 ఎంబీ దాటకుండా చూసుకోండి. పైనున్న బాణం గుర్తు నొక్కితే వెళ్ళిపోతుంది. పొరపాటున పంపారా? కొన్ని క్షణాలు "అన్‌డూ" అని కనిపిస్తుంది, వెంటనే నొక్కండి.

ఉచితంగా వచ్చే చోటు 15 జీబీ. దాచిన ఫొటోలూ అందులోనే లెక్క. నిండిపోతే కొత్త మెయిళ్ళు రావు. రెండేళ్ళపాటు అసలు వాడకపోతే ఎకౌంటునే తీసేయవచ్చు. అంచేత అప్పుడప్పుడూ తెరిచి చూస్తూండండి.

"మీ బ్యాంకు ఖాతా ఆగిపోయింది, ఇక్కడ నొక్కండి" అని మెయిలొస్తే కంగారుపడకండి. పంపినవాళ్ళ చిరునామా పూర్తిగా చదవండి. లింకు నొక్కకుండా నేరుగా బ్యాంకుకే ఫోను చెయ్యండి. ఓటీపీ అడిగినవాళ్ళెవరైనా సరే చెప్పొద్దు. డబ్బు పోయిందని తెలిస్తే ఆలస్యం చెయ్యక 1930కి ఫోను చెయ్యాలి.

మిగతా చాలా ఖాతాల పాస్‌వర్డు మరిచిపోయినా, కొత్తది పెట్టుకునే దారి ఈ మెయిలుకే వస్తుంది. అంటే ఇది ఇంటి తాళాలన్నీ ఉన్న గుత్తి. బీరువా తాళాలు బొడ్లో దోపుకునే మనం, ఈ గుత్తిని దుకాణంలో వదిలేసి వస్తామా? ఈ సాయంత్రమే ఓ పావుగంట కూర్చుని, మీ రికవరీ నంబరు ఏదో చూసుకోండి.

సెలవు.