దుబాసీ ఇంటి క్రికెట్

మోతవరపు వెంకట మహీపతి నాయుడు అంటే ఎవరికీ తెలియదు. బుచ్చిబాబు నాయుడు అంటే మద్రాసు క్రికెట్ తెలిసినవారు ఇప్పటికీ గుర్తుపడతారు. 1868లో పుట్టి 1908లో కన్నుమూసిన ఈ తెలుగువాడిని దక్షిణాది క్రికెట్‌కు తండ్రి అంటారు. తెలుగు పాఠకులకు బుచ్చిబాబు అనగానే ‘చివరకు మిగిలేది’ రాసిన శివరాజు వెంకట సుబ్బారావు గుర్తుకు రావడం సహజం. ఆ నవలాకారుడు పుట్టకముందే ఈ బుచ్చిబాబు కథ ముగిసింది.

ఆయనది దుబాసీల ఇల్లు. తాత మోతవరపు దేరా వెంకటస్వామి నాయుడు ప్యారీ కంపెనీకి దుబాసీ. మనవణ్ణి దత్తత చేసుకుని పెంచింది ఆయనే. రెండు భాషలు తెలిసినవాడు కనుక దుబాసీ అన్నారు గానీ, ఆ పని ఉత్త మాటల మార్పిడి కాదు. తెల్ల వర్తకుడికి సరుకు కుదిర్చేవాడు, బేరం తెగ్గొట్టేవాడు, అప్పు పుట్టించేవాడు, ఇక్కడివాళ్ల తరఫున పూచీ పడేవాడు దుబాసీయే. మద్రాసు సెయింట్ జార్జి కోట దగ్గర ఈ పని చేసి బాగా గడించిన తెలుగు కుటుంబాలు కొన్ని ఉన్నాయి. ఆ కంపెనీకి మూలపురుషుడు థామస్ ప్యారీ వ్యాపారం మొదలుపెట్టింది 1788లో. ఆ పేరే మద్రాసులోని ప్యారిస్ కార్నర్‌కు మిగిలింది. సూళ్లూరుపేటలో లోకల్ ఎక్కి, సుమారు 80 కిలోమీటర్లు ప్రయాణించి, సెంట్రల్‌లో దిగి సరుకులకు వెళ్లేవారికి అది బాగా తెలిసిన చోటే.

మైలాపూర్‌లోని లజ్ హౌస్‌లో బుచ్చిబాబు పెరిగాడు. పిల్లల్ని చూసుకోవడానికి ఇంగ్లీషు ఆయా ఉండేదని, ఆమె సాయంత్రాలు చేపాక్ మైదానానికి తీసుకెళ్లేదని, తెల్లవారి ఆట మీద అక్కడే మోజు పడిందని చెబుతారు. చేపాక్ అప్పటికి మద్రాసు క్రికెట్ క్లబ్బుది. 1846లో యూరోపియన్లు తమ కోసం పెట్టుకున్న క్లబ్బు అది. భారతీయులు ఎప్పుడైనా అక్కడ ఆడే అవకాశం వచ్చినా పెవిలియన్‌లో చోటు ఉండేది కాదు. ఆట మధ్యలో దొరలు లోపల కూర్చుని భోంచేస్తే, వీళ్లు చెట్టు కింద కూర్చోవాల్సి వచ్చేది. వ్యాపారంలో తమ పక్కనే కూర్చునే మనిషిని ఆటలో గడప దాటనివ్వని వింత మర్యాద ఇది.

ఆ చెట్టు నీడకు జవాబుగా 1888లో మద్రాసు యునైటెడ్ క్లబ్బు పుట్టింది. బుచ్చిబాబుకు అప్పుడు ఇరవై ఏళ్లు. జార్జ్‌టౌన్ ఎస్ప్లనేడ్‌లో మైదానం సంపాదించి, అక్కడ భారతీయుల ఆట మొదలుపెట్టాడు. ఆ రోజుల్లో బ్యాటు, ప్యాడ్లు, తెల్లబట్టలు మామూలు ఇంటివాళ్లు కొనగలిగినవి కావు. ఆడాలని వచ్చినవారికి వాటిని తన డబ్బుతో సమకూర్చాడు. లజ్ హౌస్ ఆవరణలోనూ కుర్రాళ్లను చేర్చి ఆట నేర్పాడు. చందా రాసిచ్చి ఊరుకున్న దాత కాడు. తానూ ఆడాడు, జట్టును తయారుచేశాడు. ఆ ఆట మైలాపూర్ పెద్దిళ్లకు, ఇంగ్లీషు చదువుకున్నవారికి దగ్గరైనంతగా కూలివాడలకు దగ్గరైందని మాత్రం అనలేం. ఆ పరిమితి ఆయన కాలానిది, ఆయన తరగతిది కూడా.

క్లబ్బు పేరులోని ‘యునైటెడ్’ అనే మాట గమనించదగ్గది. బొంబాయిలో క్రికెట్ మతాల వారీగా సాగింది. 1892లో పార్శీలకు, యూరోపియన్లకు మధ్య మొదలైన పోటీలో 1907లో హిందువులు, 1912లో ముస్లింలు చేరారు. చివరికి 1937లో అది అయిదు జట్ల పోటీ అయింది. అలాంటి ఆటలు దేశాన్ని చీలుస్తాయని గాంధీజీయే వాటిని తప్పుబట్టాడు. మద్రాసులో అలా జరగలేదు. ఇటు భారతీయులంతా ఒక జట్టు, అటు యూరోపియన్లు ఒక జట్టు. మతానికో క్లబ్బు కాకుండా అందరికీ ఒకటే అన్న బాట ఇక్కడ ముందే పడి ఉండడం అందుకు కొంతైనా తోడ్పడిందనుకోవాలి.

క్లబ్బు పెట్టడంతో ఆయన తృప్తిపడలేదు. చెట్టు కింద కూర్చున్నవాళ్లు చేపాక్‌లోనే సమవుజ్జీలుగా దిగాలి. మద్రాసు క్రికెట్ క్లబ్బు కార్యదర్శి పి. డబ్ల్యు. పార్ట్రిడ్జ్‌ను ఒప్పించి, 1908 డిసెంబరులో భారతీయులకు, యూరోపియన్లకు మధ్య ఆట ఖాయం చేయించాడు. రెండు పక్షాల మధ్య నిలబడి బేరం కుదర్చడం ఆ ఇంటికి తరాలుగా తెలిసిన విద్య. ఇక్కడ కుదిరింది సరుకు బేరం కాదు, అంతే తేడా. అయితే ఆట మొదలయ్యేలోపే, నలభై ఏళ్లకే బుచ్చిబాబు చనిపోయాడు. ఆట మాత్రం ఆగలేదు.

అదే ప్రెసిడెన్సీ మ్యాచ్. 1915–16 నుంచి అది క్రమం తప్పని పోటీగా నిలదొక్కుకుంది. జనవరిలో సంక్రాంతి రోజుల్లో జరిగేది కాబట్టి జనం నోట పొంగల్ మ్యాచ్ అయింది. నెల్లూరు జిల్లా 1953 దాకా మద్రాసు రాష్ట్రంలోనిదే కనుక, అప్పట్లో ఆ జిల్లాలోనే ఉన్న సూళ్లూరుపేట ప్రాంతానికీ అది సొంత రాజధానిలో జరిగే పండగ ఆటే. నాగపూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబానికి చెందిన సి. కె. నాయుడు 1920ల మొదట్లో ఇక్కడ కొట్టిన సిక్సర్ చేపాక్ హద్దులు దాటి, బయటి కొబ్బరిచెట్టు దగ్గర పడిందన్న ముచ్చట మద్రాసులో చాలాకాలం నిలిచింది. తెల్లవాళ్ల పాలన పోయాక ఆ పోటీకి అర్థం పోయింది. 1952తో అది ఆగిపోయింది.

లజ్ హౌస్‌లో ఆట తండ్రితో పోలేదు. కొడుకులు వెంకటరామానుజులు, బాలయ్య, రామస్వామి ముగ్గురూ క్రికెటర్లే. తాతగారింటికి దత్తు వెళ్లి కోటా రామస్వామి అయిన చిన్నవాడు మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలోను, తర్వాత కేంబ్రిడ్జిలోను చదివాడు. 1922లో భారత్ తరఫున డేవిస్ కప్ టెన్నిస్ ఆడాడు. పద్నాలుగేళ్ల తర్వాత, నలభై ఏళ్లు నిండాక, మాంచెస్టర్‌లో టెస్టు క్రికెట్‌లో అడుగుపెట్టి 40, 60 పరుగులు చేశాడు. రెండు ఆటల్లో దేశానికి ఆడినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. వ్యవసాయ శాఖలో ఉద్యోగం చేసిన ఆయన రాసిన ఆత్మకథ వల్లనే లజ్ హౌస్ జీవితం గురించి చాలా సంగతులు మనకు దక్కాయి.

బుచ్చిబాబు పేరిట 1909లో మొదలైన టోర్నమెంటు మొదట్లో మద్రాసు క్లబ్బుల మధ్యే జరిగేది. 1960ల చివర్లో బయటి రాష్ట్రాల జట్లను పిలవడం మొదలైంది. దాంతో అది రంజీ సీజన్‌కు ముందు ఎర్రబంతితో కాళ్లూ చేతులూ సాగదీసుకునే చోటుగా మారింది. మధ్యలో కొన్నేళ్లు ఆగిపోయినా, 2023లో తమిళనాడు క్రికెట్ సంఘం దాన్ని మళ్లీ నిలబెట్టింది. 2023, 2024లలో పోటీలు చెన్నై బయట కోయంబత్తూరు, దిండిగల్, సేలం, తిరునెల్వేలి ఊళ్లలో జరిగాయి. 2024 ఫైనల్లో ఛత్తీస్‌గఢ్‌ను ఓడించి ఆ కప్పు గెలిచింది హైదరాబాద్ జట్టు.