కన్యాదానం వేళ... కళ్లు తిరిగితే?

పెళ్లిల్లు అనుకోండి. కన్యాదానం అయ్యేదాకా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టనని పెళ్లికూతురి తండ్రి ఉపవాసం ఉన్నాడు. షుగరు మాత్ర మాత్రం అలవాటుగా పొద్దున్నే వేసేసుకున్నాడు. పదకొండయ్యేసరికి ఒళ్లంతా చెమటలు, చేతుల్లో వణుకు, మాట ముద్దగా వస్తోంది. 'ఇవాళ కూడా తాగాడా?' అని ఎవరో గుసగుస. పాపం, ఆయన చుక్క ముట్టే మనిషి కాదు. షుగరు పడిపోయిందంతే!

అందుకే అంబులెన్సు సిబ్బందికి శిక్షణలో ఈ విషయం నూరిపోస్తారు. మనిషి స్పృహ తప్పినా, ఫిట్స్ వచ్చినా, తాగినట్టు తూలినా, పక్షవాతంలా చెయ్యి పడిపోయినా వేలికొన నుంచి చుక్క రక్తం తీసి షుగరు చూడాల్సిందే. మెదడుకు ముఖ్యమైన ఇంధనం గ్లూకోజే మరి. అది 70 మిల్లీగ్రాముల కన్నా తగ్గితే చెమట, వణుకు, గుండెదడ. 54 కన్నా కిందికి దిగితే మెదడే తడబడుతుంది.

మింగగలిగే స్థితిలో ఉంటే మూడు చెంచాల పంచదారో గ్లూకోజు పొడో నీళ్లలో కలిపి తాగించాలి. పావుగంట తర్వాత మళ్లీ చూడాలి. తగ్గకపోతే ఇంకోసారి. పక్కనే లడ్డూలున్నా వద్దు, నెయ్యి వల్ల తీపి రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది. షుగరు పెరిగిందో తగ్గిందో తెలియకపోతే? తగ్గిందనే అనుకోవాలి. పెరిగినవాళ్లకు మూడు చెంచాలతో వచ్చే నష్టం స్వల్పం. తగ్గినవాళ్లకు అది ప్రాణం.

స్పృహ లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పోయకూడదు. ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి. వాళ్లు నరానికి గ్లూకోజు ఎక్కిస్తే చాలాసార్లు నిమిషాల్లోనే కళ్లు తెరుస్తారు.

అసలు చిక్కు ఇక్కడే. లేచి కూర్చున్న మనిషి 'నాకేం కాలేదు, ఆసుపత్రి వద్దు' అంటాడు. ముహూర్తం దాటిపోతుందని ఇంట్లోవాళ్లూ వంతపాడతారు. కానీ గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమెపిరైడ్ లాంటి మాత్రల ప్రభావం గంటల తరబడి ఉంటుంది. వయసు మళ్లినవాళ్లలో, కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లలో మరీ ఎక్కువసేపు. ఎక్కించిన గ్లూకోజు అయిపోగానే షుగరు మళ్లీ పడిపోవచ్చు, ఈసారి నిద్రలో. ఆసుపత్రిలో ఉంచి గమనించాల్సిందే.

అంబులెన్సు వచ్చేలోగా ఆయన వేసుకునే మాత్రల అట్టలు వెతికి పట్టుకోండి. ఆఖరిసారి ఎప్పుడు తిన్నారో, మాత్ర ఎన్నింటికి వేసుకున్నారో గుర్తుచేసుకోండి. వాళ్లు ముందుగా అడిగేవి అవే.