తిరువూరు పేరుతో ఇంగ్లీషు పదాల వేట

ఇచ్చిన అక్షరాలన్నీ ఇమిడి ఉండే ఇంగ్లీషు పదాల్లో అన్నిటికన్నా పొడవైనది ఏదో కనుక్కోవడం అనే వినోదానికి, విజయవాడ నుంచి భద్రాచలం వెళ్లే దారిలో తెలంగాణ సరిహద్దుకు చేరువగా ఉన్న తిరువూరు పేరు చక్కని ఉదాహరణ అవుతుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన వల్ల కృష్ణా జిల్లా నుంచి ఎన్టీఆర్ జిల్లాకు మారిన ఈ పట్టణం పేరులో తెలుగు లెక్క ప్రకారం నాలుగు అక్షరాలే ఉండగా, ఇంగ్లీషులో రాసినప్పుడు టి, ఐ, ఆర్, యు, వి, యు, ఆర్, యు అని ఎనిమిది అవుతాయి. వాటిలో యు మూడుసార్లు, ఆర్ రెండుసార్లు వచ్చినందువల్ల, మళ్లీ మళ్లీ వచ్చినవాటిని ఒక్కసారే లెక్కించేవారికి మిగిలేవి టి, ఐ, ఆర్, యు, వి అనే ఐదు మాత్రమే.

ఈ ఐదూ ఉన్న ఇంగ్లీషు మాట తెలియని తెలుగువాడు ఉండడు, అది యూనివర్సిటీ. పది అక్షరాల ఆ మాట కంటే చిన్నది కావాలంటే సద్గుణం అనే అర్థమున్న ఆరక్షరాల వర్చ్యూ ఉంది. చిన్నవి దొరకడం తేలిక, పొడవైనవాటి కోసం మాత్రం ఒక పద్ధతి ఉండాలి. తెలుగు లిపిలో రాసిన ఇంగ్లీషు మాటల్లో అసలు స్పెల్లింగు కనిపించదు కాబట్టి, ఇక్కడి నుంచి పాఠకులు పక్కన ఒక కాగితం పెట్టుకోవడం మంచిది.

పద్ధతిలో మొదటి మెట్టు అరుదైన అక్షరాన్ని పట్టుకోవడం. ఇంగ్లీషులో ఏ అక్షరం ఎంత తరచుగా వస్తుందో వార్తాపత్రికల మొదటి పేజీల్లో లెక్కపెట్టి చూసి, ఆ లెక్క మీదనే 1930లలో స్క్రాబుల్ ఆటకు రూపమిచ్చిన అమెరికన్ ఆల్‌ఫ్రెడ్ బట్స్ పంపకాన్ని గమనిస్తే సంగతి తెలుస్తుంది: ఇంగ్లీషు స్క్రాబుల్‌లోని 100 బిళ్లల్లో ఐ తొమ్మిది, టి ఆరు, ఆర్ ఆరు, యు నాలుగు ఉండగా వి రెండే ఉంటుంది. కాబట్టి తిరువూరు పేరులో పట్టుకోవలసింది వి అక్షరాన్నే. వి తరచుగా కనిపించే చోటు, విశేషణాల చివర చేరే ‘టివ్’ అనే ప్రత్యయం, అంటే పదాంతంలో అతికే ముక్క. దీనితో టి, ఐ, వి మూడూ ఒకేసారి చేతికొస్తాయి. మిగిలిన ఆర్, యు ప్రొడక్టివ్ అనే మాటలో ముందే ఉన్నాయి, దానికి వ్యతిరేకార్థాన్నిచ్చే ‘కౌంటర్’ అనే ముక్కను ముందు చేర్చగానే, ఆశించినదానికి విరుద్ధ ఫలితమిచ్చేది అనే అర్థంతో కౌంటర్‌ప్రొడక్టివ్ అనే పదిహేడు అక్షరాల పదం తయారవుతుంది. అదే ముక్కను విప్లవానికి సంబంధించిన రివల్యూషనరీ ముందు చేరిస్తే, ప్రతివిప్లవకారుడు అనే అర్థంలో ఇరవై అక్షరాల కౌంటర్‌రివల్యూషనరీ వస్తుంది. దీన్ని కొందరు మధ్యలో అడ్డగీత పెట్టి రాస్తారు గానీ, గీత లేకుండా అచ్చువేసిన నిఘంటువులూ ఉన్నాయి. పొడవైన పదాలను గుర్తుపెట్టుకోవడం కంటే, పదాల ముందూ వెనుకా అతికే ముక్కలను ఎరిగి ఉండటమే ఈ వేటలో ఎక్కువ అక్కరకొస్తుందన్నది దీన్నిబట్టి స్పష్టం.

అయితే అక్షరాలు ఎన్నిసార్లు వచ్చాయో అన్నిసార్లూ రావాలని నియమం పెడితే కథ మారిపోతుంది. ఇరవై అక్షరాల కౌంటర్‌రివల్యూషనరీలో ఆర్ మూడుసార్లు ఉన్నా యు రెండుసార్లే ఉంది. సద్గుణం లేని అనే అర్థమున్న అన్‌వర్చువస్‌లో యు సరిగ్గా మూడుసార్లు ఉన్నా ఆర్ ఒక్కటే. చెరొక అక్షరం దగ్గర రెండూ తప్పిపోయాయి.

కంప్యూటరుకు ఈ వెతుకులాట అప్పగించేవారు వాడే ఉపాయాల్లో ఒకటి హైస్కూలు లెక్కలతోనే అర్థమవుతుంది. ఎ నుంచి జెడ్ వరకు ఉన్న 26 అక్షరాలకు వరుసగా 2 నుంచి 101 వరకు ఉన్న 26 ప్రధాన సంఖ్యలను, అంటే ఒకటితోనూ తమతోనూ తప్ప మరి దేనితోనూ భాగింపబడని సంఖ్యలను, కేటాయించి, పదంలోని అక్షరాల విలువలను గుణిస్తారు. ఐ 23, ఆర్ 61, టి 71, యు 73, వి 79 అయినప్పుడు ఈ ఐదింటి లబ్ధం 57,44,68,171 అవుతుంది. వర్చ్యూలో అదనంగా ఉన్న ఇ విలువ 11 కనుక దాని లబ్ధం 6,31,91,49,881. పెద్ద సంఖ్యను చిన్న సంఖ్య శేషం లేకుండా భాగిస్తే ఆ పదంలో కోరిన అక్షరాలన్నీ ఉన్నట్టే. మామూలు నిఘంటువు ఈ పనికి రాదు. సి.పి. బ్రౌన్ 1852లో అచ్చువేయించినదైనా, తరతరాల విద్యార్థులు చేతిలో పట్టుకున్న శంకరనారాయణ నిఘంటువైనా మొదటి అక్షరం తెలిసినవాడికే దారి చూపుతుంది.

పాశ్చాత్య దేశాల్లో ఇది బహిరంగ క్రీడ. ‘అత్యంత పొడవైన పదం’ అనే అర్థమిచ్చే పేరుతో 1965లో ఫ్రెంచి టెలివిజన్‌లో మొదలైన పోటీ నుంచే, 1982లో బ్రిటన్‌లో తొమ్మిది అక్షరాలతో ఆడే కౌంట్‌డౌన్ పుట్టింది.

తెలుగువారికి ఇలాంటి అక్షర నిర్బంధం కొత్తేమీ కాదు, పైగా మన పెద్దలు ఆడింది ఇంతకన్నా కఠినమైన ఆట. అష్టావధానంలో పృచ్ఛకుడు, అంటే ప్రశ్న వేసే పండితుడు, పద్యంలో ఫలానా పాదంలో ఫలానా చోట ఫలానా అక్షరం రావాలని ముందే విధించేది న్యస్తాక్షరి. తి, రు, వూ, రు అనే నాలుగింటినీ ఉత్పలమాల నాలుగు పాదాల్లో నాలుగు చోట్ల పెట్టమంటే, అవధాని ఒక్కో పాదంలో ఇరవై అక్షరాలను గురులఘువుల క్రమం తప్పకుండా నింపుతూ, పదో అక్షరం దగ్గర యతినీ, నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం దగ్గర ప్రాసనూ కాపాడుతూ, అడిగిన విషయం మీదనే అర్థవంతంగా పద్యం చెప్పాలి. నిషిద్ధాక్షరిలో అవధాని ఒక్కో అక్షరం చెప్పగానే, తరువాత రాగలదని తోచిన అక్షరాన్ని పృచ్ఛకుడు కూడదంటాడు. ఈ విద్యను తిరుపతి వేంకట కవులు ఊరూరా ప్రచారంలోకి తెచ్చారు. వారిలో ఒకరైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి అప్పటి కృష్ణా జిల్లాలోని బందరు హిందూ హైస్కూల్లో ఉపాధ్యాయుడిగా పనిచేసి, విశ్వనాథ సత్యనారాయణ వంటివారికి గురువయ్యారు. కుతుబ్‌షాహీల కాలంలోనే మరింగంటి సింగరాచార్యులు పెదవులు కలవకుండా పలికే అక్షరాలతో ‘దశరథరాజనందన చరిత్ర’ రచించారు. ఆ పేరును పైకి చదివితే పెదవులు ఒక్కసారి కూడా తగలవు. ఆధునిక కాలంలో శ్రీశ్రీ పదబంధ ప్రహేళికలు, ఆరుద్ర గళ్లనుడికట్లు ఆ అభిరుచిని పత్రికా పాఠకుల దాకా తెచ్చాయి.

ఇంగ్లీషు ఆటలో దిగేవారు ఏ నిఘంటువును ప్రమాణంగా తీసుకుంటున్నారో ముందే తేల్చుకోవాలి. తిరువూరుకు పొరుగునే ఉన్న నూజివీడు పేరులోని ఎన్, యు, జెడ్, వి, ఐ, డి ఆరూ అమెరికన్ స్పెల్లింగులో పదిహేడు అక్షరాల ఇండివిడ్యువలైజేషన్‌లో దొరుకుతాయి. మన బడుల్లో నేర్పే పద్ధతిలో జెడ్‌కు బదులు ఎస్ రాస్తే ఆ పదం పనికిరాకుండా పోతుంది. ఆ పక్కనే ఉన్న మైలవరానికి, అంటే ఎం, వై, ఎల్, ఎ, వి, ఆర్ అనే ఆరింటికి, తొలగించడానికి వీలుకాకపోవడం అనే అర్థమున్న పద్నాలుగు అక్షరాల జవాబు ఒకటి ఇంగ్లీషు నిఘంటువుల్లో ఉంది. దాన్ని కనుక్కోవడం పాఠకుల వంతు.