ద్రాక్షతోటను బ్రతికించిన పరాయి వేరు

వైన్ తయారీలో మనిషి చేసే పని నిజానికి స్వల్పం. పండిన ద్రాక్షను నలిపి తొట్టిలో ఉంచితే, ఈస్ట్ అనే సూక్ష్మజీవి రసంలోని చక్కెరను ఆల్కహాలుగా, బొగ్గుపులుసు వాయువుగా మార్చివేస్తుంది. తొక్కలతోపాటు పులియనిస్తే అది ఎర్ర వైన్. పిండిన రసాన్ని మాత్రమే పులియనిస్తే తెల్లది. నల్లద్రాక్షలో సైతం రంగంతా తొక్కలోనే ఉంటుంది. ఇక రుచి, పులుపు, పరిమళం చాలావరకు తోటలోనే నిర్ణయమైపోతాయి. అందుకే 1860 దశకంలో ఫ్రాన్సులో తీగెలు ఎండిపోసాగినప్పుడు, తరతరాలుగా వచ్చిన వైన్ తయారీ నేర్పు ఎందుకూ కొరగాకపోయింది.

తెగులు మొదట దక్షిణాన, రోన్ నది లోయలో కనిపించింది. ఒక ఏడు ఆకులు పసుపుబారి అకాలంలో రాలిపోయేవి. మరుసటి ఏడు కాపు సన్నగిల్లేది. ఆపైన తీగె చచ్చిపోయేది. పెకలించి చూస్తే వేళ్ళు కుళ్ళి ఉండేవి గాని పురుగు జాడ దొరికేది కాదు. 1868 జులైలో మోంపెలియే వృక్షశాస్త్రజ్ఞుడు ప్లాంషోన్, ఆయన సహచరులు ఇంకా ప్రాణమున్న తీగెను త్రవ్వించారు. వేళ్ళనిండా పచ్చని అణువులవంటి కీటకాలు! చెట్టు చావగానే అవి ప్రక్క చెట్టుకు తరలిపోతున్నాయి. చచ్చిన తీగెలను మాత్రమే పరీక్షించినవారికి దోషి దొరకకపోవడంలో వింతేముంది?

ఆ కీటకం ఫిలాక్సెరా. పేనుబంకకు దగ్గరి చుట్టం; అమెరికా నుండి తెచ్చిన మొక్కలతోపాటు సముద్రం దాటి వచ్చింది. రైతులు తోటలను నీట ముంచారు. నేలలోకి కార్బన్ డైసల్ఫైడ్ ఎక్కించారు. ప్రభుత్వం 1874లో బహుమతిని మూడు లక్షల ఫ్రాంకులకు పెంచింది. 1875లో ఎనిమిది కోట్ల హెక్టోలీటర్లు దాటిన వైన్ ఉత్పత్తి 1889 నాటికి రెండుకోట్ల ముప్పై లక్షలకు దిగజారింది. హెక్టోలీటరంటే నూరు లీటర్లు.

విరుగుడు కూడా అమెరికా నుండే రావలసివచ్చింది. అక్కడి అడవి ద్రాక్షలు యుగాలుగా ఈ పురుగుతో సహజీవనం చేస్తున్నవి. వాటి వేరుపై ఫ్రెంచి కొమ్మను అంటు కడితే? చాలామంది ఉలిక్కిపడ్డారు. అమెరికా ద్రాక్ష వైన్‌కు ఒక వింత వాసన ఉంటుంది. అది వేరునుండి పైకి ప్రాకదా? బర్గండీ వంటి చోట్ల అమెరికా తీగెలను కొంతకాలం నిషేధించారు కూడా. నాటు మామిడి మొక్కపై బంగినపల్లి అంటు కట్టే మన రైతును అడిగి ఉంటే నవ్వేవాడు: పండు గుణం పై కొమ్మదే.

అయితే సున్నపునేలల్లో ఈ క్రొత్త వేళ్ళూ పాలిపోయాయి. 1887లో పియేర్ వియాలా అమెరికా వెళ్ళి, టెక్సస్‌లో మన్సన్ అనే ద్రాక్ష పండితుని సాయంతో సున్నాన్ని ఓర్చే జాతులను గుర్తించాడు. మరుసటి ఏడు ఫ్రాన్సు మన్సన్‌ను సత్కరించింది. కాని అంటుమార్గాన్ని ముందుగా సూచించినది తానేనన్న బోర్డో వాసి లాలిమాన్‌కు మాత్రం మూడు లక్షలు దక్కలేదు. అంటు తెగులును రాకుండా ఆపిందేగాని నయం చేయలేదట! ఖజానా తాళం తీయకుండా ఉండడానికి ఇంతకంటె చక్కని తర్కం దొరకదు.

అమెరికా తీగెలు బూజు తెగులును కూడా వెంటతెచ్చాయి. 1882లో మిలార్డే అనే శాస్త్రజ్ఞుడు బోర్డో సమీపాన ఒక విశేషం గమనించాడు. బాటసారులు పండ్లు కోయకుండా భయపెట్టేందుకు మైలుతుత్తం, సున్నం చల్లిన దారి ప్రక్క తీగెలు మాత్రం పచ్చగా ఉన్నాయి. 1885లో ఆయన ప్రకటించిన ఆ మందే బోర్డో మిశ్రమం. తమలపాకు తోటల్లోనూ, నిమ్మ, బత్తాయి తోటల్లోనూ తెలుగు రైతుకు చిరపరిచితం.

ఫిలాక్సెరా నేటికీ నిర్మూలం కాలేదు. యూరపు నేలల్లో ఉంటూనే ఉంది, ద్రాక్ష పరాయి వేరుపై నిలిచి కాస్తూనే ఉంది. దక్కనులో ఈనాడు అనేక తోటలకు ఆధారం డాగ్‌రిడ్జ్ అనే టెక్సస్ జాతి వేరే. అయితే ఇక్కడ దానిని నాటుతున్నది పురుగుకు భయపడి కాదు, నీటి ఎద్దడికీ ఉప్పునేలకూ ఓర్చుకోగలదని.