బి వైపు అవ్వ గొంతు

సెలవులకు విదేశాలు వెళ్లినవాళ్లు అక్కడి రికార్డుల దుకాణాల్లో ఏం కొనుక్కొస్తారో రాయమని ఎడిటర్ గారి పురమాయింపు. కరీంనగర్ నుంచి జగిత్యాల దాకా తిరిగితే తెలిసింది, ఇక్కడ చాలా ఇళ్లకు విదేశమంటే పనిచోటు. సెలవు మీద వచ్చేది సొంతూరికే.

జగిత్యాల దగ్గరి ఓ పల్లెలో, దుబాయిలో పద్దెనిమిదేళ్లు తాపీపని చేసిన పెద్దాయన రేకుపెట్టె తెరిచారు. పాత పాస్‌పోర్టు కింద, మఫ్లర్‌లో చుట్టి, తొంభై నిమిషాల క్యాసెట్. లేబుల్ మీద బాల్‌పెన్నుతో ఎ వైపు ‘పాటలు’, బి వైపు ‘అవ్వ’ అని ఉంది.

1988లో మొదటి సెలవు. ఊరికి బయల్దేరే ముందు శుక్రవారం అబ్రా పడవెక్కి, క్రీక్ దాటి, దేరా బజారుకు వెళ్లారు.

“గోడ నిండ హిందీ పాటల క్యాసెట్లే సారూ. షాపాయన ఒక్కొక్కటి పెట్టి వినిపిచ్చిండు. నేను ఖాళీయి పది కొన్న. పాటలు కరీంనగర్‌ల సుత దొర్కుతయి. అవ్వ మాట దుబాయిల దొర్కదు గద!”

బొంబాయిలో దిగి, బస్సులో టూ-ఇన్-వన్ టేప్‌రికార్డర్‌ను ఒళ్లోనే పెట్టుకుని వచ్చారు. తిరుగు ప్రయాణానికి ముందురోజు అవ్వను అరుగు మీద కూచోబెట్టి, రికార్డు బటన్ నొక్కి, బయటికి వెళ్లిపోయారు. ఎదురుగా ఉంటే ఆమె ఏడుస్తుందని.

ఇద్దరం కూచుని విన్నాం. ఎనిమిది నిమిషాలు అవ్వ మాట్లాడింది: పైలం కొడుకా, ఎండకు తిరగకు, అప్పు సంగతి నువ్వు మనసుల పెట్టుకోకు. ఆపడం ఆమెకు తెలియదు. టేపు తిరుగుతూనే ఉంది. చాటలో బియ్యం చెరిగే చప్పుడు. కోడి. దూరంగా ఎర్రబస్సు హారన్. పక్కింటామె గొంతు: “కొడుకు రేపే పోతుండా వదినే?” కొంచెంసేపటికి అవ్వ: “పోతుండు. పప్పు ఉడుకుతలేదే.”

దుబాయిలో కార్మికుల క్యాంపులో జనం మూగింది ఈ మిగతా ముప్పై ఏడు నిమిషాలకేనట. తమ ఊళ్లు వేరైనా చాట చప్పుడు ఒకటే కదా. అరుదైన రికార్డుల వేట నాకూ ఇష్టమే. అయినా ఈ జిల్లావాళ్లు పరాయి దేశపు దుకాణాల్లో కొన్నవాటిలో ఖాళీ క్యాసెట్టే గొప్పదని నా నమ్మకం.

చరిత్ర క్లుప్తంగా: 1973 తర్వాత చమురు ధర పెరిగి గల్ఫ్‌లో కట్టడాలు లేచాయి, ఇక్కడ కరువు, అప్పులు. కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్ పల్లెలు బొంబాయి మీదుగా కదిలాయి. 1983లో వలసల చట్టం వచ్చింది. ఇంట్లో ఫోన్ లేదు, తల్లికి చదువు రాదు. మాట నింపిన క్యాసెట్లు సెలవు మీద వచ్చిపోయేవాళ్ల సంచుల్లో తిరిగాయి. సెల్‌ఫోన్లతో ఆ రాకపోకలు ఆగాయి.

మీ ఇంట్లోనూ ఉందా?
క్యాసెట్‌ను ఫిలిప్స్ 1963లో తెచ్చింది. తొంభై నిమిషాల టేపు అరవై నిమిషాల దానికన్నా పల్చన. బూజు కనిపిస్తే ప్లేయర్‌లో పెట్టకండి, తెలిసినవాళ్ల చేత శుభ్రం చేయించి కంప్యూటర్‌లోకి ఎక్కించండి.

లండన్‌లో మార్లవాయి
లండన్ వెళ్లే ఆదిలాబాద్‌వాళ్లకు ఒక మాట. 1940లలో మీ వైపు మార్లవాయి పల్లెలో గోండుల మధ్య బతికిన మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ తీసిన ఫొటోలు, ఫిల్ములు అక్కడి సోయాస్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. రికార్డుల దుకాణం కన్నా ముందు అక్కడికి వెళ్లండి.

క్యాసెట్ వెనక అంచున రెండు చిన్న ప్లాస్టిక్ పలుకులుంటాయి, వైపుకొకటి. అది విరిస్తే ఆ వైపు మళ్లీ రికార్డు కాదు. పెద్దాయన బి వైపుది కత్తిమొనతో ఎప్పుడో విరిచేశారు. ఎ వైపుది అట్లాగే ఉంది. దానిమీద పాటలు ఇప్పటికి నాలుగుసార్లు మారాయట.