వెండి రంగు పూస్తే విమానం అవుతుందా?

హీరో విమానం దిగే సీను మన సినిమాల్లో ఎన్నిసార్లు చూశామో లెక్కలేదు. మెట్లు, పూలదండ, వెనక ఎండలో తళతళలాడే రేకు! ఆ తళుకుని మూరెడు ప్లాస్టిక్ బొమ్మ మీదికి తేవడం ఎంత పనో తెలుసా? సిల్వర్ పెయింటు డబ్బా కొని పూసేస్తే సరి అనుకుంటారు చాలామంది. పూసి చూడండి. విమానం రాదు, పెళ్లిపందిట్లో ఇనప కుర్చీ వస్తుంది!

అసలు కిటుకు ఏమిటంటే, లోహపు మెరుపు పైన వేసే రంగులో లేదు, కింద వేసే నలుపులో ఉంది. ముందు బొమ్మంతా నిగనిగలాడే నల్లరంగు వేయాలి. అది అద్దంలా ఆరాక, ఎయిర్‌బ్రష్‌తో అల్యూమినియం లాకరు మంచు పట్టినట్టు పల్చగా, రెండు మూడు విడతల్లో కొట్టాలి. కంప్రెసరు 12 నుంచి 15 పౌండ్ల మీద ఉంటే చాలు. ఆత్రపడి దట్టంగా కొట్టారో, మెరుపు చచ్చినట్టే. నలుపు మీద చిన్న గీత ఉందో, వెండి దాన్ని ఊరంతా చాటుతుంది.

ఈ సంగతి మన బెజవాడ ఆటోనగర్ పెయింటర్లకు వేరే చెప్పక్కర్లేదు. పుట్టీ, ప్రైమరు, నీళ్లు పోస్తూ వాటర్ పేపరుతో రుద్దడం... గన్ను పట్టేది ఆఖరున! పక్కనున్న కొండపల్లిలోనూ అంతే. పొణికి కర్ర బొమ్మకు చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కు పట్టించి, ఆకురాయితో నునుపు చేసి, సున్నం పూశాకే రంగు ముట్టుకుంటారు.

ఇక మన కృష్ణా తీరపు వాతావరణం ఉందే, అది ఈ పనికి విలనే. రోహిణీ కార్తె ఎండలో రంగు దారిలోనే ఆరిపోయి, బొమ్మ మీద ఇసకలా పడుతుంది. వానాకాలంలో లాకరు ఆరుతూ ఉపరితలాన్ని చల్లబరిచి గాలిలో తేమను లాగేస్తుంది, మెరుపు కాస్తా తెల్లగా మసకబారుతుంది. కిటికీలు మూసుకుందామా అంటే ఆ థిన్నరు ఆవిరి ఊపిరితిత్తులకు మహా చేటు. మాస్కు లేకుండా ఎవరూ దిగకండి.

ఇంత చేసినా ఒళ్లంతా ఒకే మెరుపు ఉంటే బొమ్మ బొమ్మే. డకోటానే తీసుకోండి. హైదరాబాదు కేంద్రంగా దక్కన్ ఎయిర్‌వేస్ నడిపిన విమానం అది. 1953లో ఆ కంపెనీ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది, పేరు కూడా మిగల్లేదు. నిజం డకోటా మీద ఒక్కో రేకు ఒక్కో రకంగా వెలుగు పట్టేది. అందుకే టేపు అంటించి, ఒక పలకకు కొంచెం ముదురు, ఇంకోదానికి కొంచెం లేత కొట్టాలి. తోక చుక్కాని లాంటి కదిలే భాగాలు రేకు కావు, గుడ్డ బిగించి వెండి రంగు డోపు పూసినవి. అక్కడ మాత్రం ఆ పెళ్లిపందిరి కుర్చీ రంగే కరెక్టు!

వెండితెరకి ఈ విద్య కొత్తది కాదు. 1957 నాటి 'మాయాబజార్'లో వెన్నెల ద్వారకని మినియేచరుగా కట్టి, మార్కస్ బార్‌ట్లే కెమెరాతో కె.వి. రెడ్డిగారు తీస్తే జనం నగరమనే నమ్మారు. 2004లో వచ్చిన హాలీవుడ్ చిత్రం 'ది ఏవియేటర్'కి ఎక్స్‌ఎఫ్-11 అనే విమానం కావలసివచ్చింది. కట్టినవే రెండు. ఒకటి 1946లో హోవర్డ్ హ్యూస్ నడుపుతుండగా కూలింది, రెండోది తుక్కయింది. మరేం చేస్తారు? ఒళ్లంతా లోహంలా మెరిసే పెద్ద మోడలు కట్టి, రిమోటుతో ఎగరేశారు.

95 అడుగుల రెక్కల డకోటా 72వ వంతు బొమ్మలో 40 సెంటీమీటర్లు. అన్నీ కుదిరి, లాకరు ఆరి, ముచ్చటపడి చేత్తో పట్టుకున్నారనుకోండి. గ్లవ్సు లేని బొటనవేలి ముద్ర రెండున్నర సెంటీమీటర్లు ఉంటుంది. విమానం లెక్కలో అది దాదాపు ఆరడుగుల మచ్చ!