ప్లేటు మీద గాడులెన్ని?

పిల్లలూ, ముందు మిమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతాను. గ్రామఫోను ప్లేటును మీలో కొందరైనా చూసి ఉంటారు. నల్లగా, గుండ్రంగా, పళ్ళెంలా ఉంటుంది. దగ్గరగా పెట్టుకుని చూస్తే దాని మీద సన్నసన్నని గాడులు కనిపిస్తాయి. ఒక ముఖం మీద అటువంటి గాడులు ఎన్ని ఉంటాయో చెప్పగలరా?

నేను మీ అంత ఉన్నప్పుడు మా మావయ్య నన్నిదే ప్రశ్న అడిగాడు. నేను కళ్ళు చికిలించి, లెక్కపెట్టబోయి, తప్పిపోయి, చివరకు "వెయ్యి" అన్నాను. మావయ్య విరగబడి నవ్వాడు.

"ఒక్కటేరా! అంచు దగ్గర మొదలై, చుట్టలు చుట్టలుగా తిరుగుతూ మధ్యనున్న కాగితం దాకా పోతుంది. జంతిక చుట్టను చూశావుగా, అలాగ!" అన్నాడు.

ఇది కె.గంగవరంలో మా అమ్మమ్మగారి ఇంట్లో జరిగింది. ద్రాక్షారామానికీ, కోటిపల్లి రేవుకూ దగ్గరి ఊరది. 2022లో కోనసీమ జిల్లా ఏర్పడినప్పుడు ఆ జిల్లాలో చేరింది. వేసవి సెలవులకు నేను అక్కడికి పోయేవాణ్ణి. ఆ ఇంట్లో పాటలు వినే యంత్రాలు రెండుండేవి. ఒకటి తాతయ్యది, కీ ఇస్తే తిరిగే గ్రామఫోను. రెండోది మావయ్యది. కాకినాడలో ఇంజనీరింగు చదువుతూ, ఎవరి దగ్గరో పాతది కొని బస్సు మీద వేసుకు వచ్చాడు. కరెంటుతో తిరిగే ప్లేయరు ఒకటి, కొయ్యపెట్టెల స్పీకర్లు రెండు. ఆ పెట్టెలు ఒక్కొక్కటి బియ్యపు డబ్బా అంత బరువు.

తాతయ్య ప్లేట్లు నిమిషానికి 78 సార్లు తిరిగేవి. ఒక్కొక్క ముఖం మూడు నిమిషాల్లో అయిపోయేది. అవి దేనితో చేస్తారో తెలుసా? లక్కతో! మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మల మీద లక్కపురుగులు పెట్టే జిగురే లక్క. ఏటికొప్పాక బొమ్మలకు మెరుపు వచ్చేది ఆ లక్కతోనే. దానిలో మెత్తటి రాతిపొడి కలిపి, వేడిచేసి, అచ్చులో నొక్కితే ప్లేటు తయారయ్యేది. ఆ రాతిపొడి ఎందుకంటే, ఉక్కు ముల్లును కాస్త అరగదీసి గాడికి సరిపోయేటట్టు చేయడానికి. అందుకే ఒక్కొక్క ముఖానికి కొత్త ముల్లు వేయాలి. తాతయ్య దగ్గర చిన్న రేకు డబ్బా నిండా ముళ్ళుండేవి. వాడిన ముల్లు మళ్ళీ వేస్తే ఊరుకునేవాడు కాదు. "ముల్లుకు చూస్తే ప్లేటు పోతుంది" అనేవాడు.

చదునైన ప్లేటు మీద శబ్దాన్ని ఎక్కించే పద్ధతి 1887లో ఎమిల్ బెర్లినర్ కనిపెట్టాడు. దానికి పదేళ్ళ ముందే ఎడిసన్ గొట్టం మీద గొంతు పట్టాడు గాని, గొట్టాలను పుస్తకాల్లాగ వేలకు వేలు అచ్చుకొట్టడం కష్టం. మన దేశంలో 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ అనే గాయని పాడి ప్లేటు ఇచ్చింది. పాట చివర ఆమె తన పేరు తనే ఇంగ్లీషులో చెప్పేది. మైనపు ప్లేటు జర్మనీ పోయి అచ్చవ్వాలి, అక్కడివాళ్ళకు ఎవరు పాడారో తెలియాలి కదా! ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, దీనితో మనకు మళ్ళీ పని ఉంది.

మావయ్య ప్లేట్లు వేరు. అవి వినైలువి. నిమిషానికి ముప్ఫయిమూడు సార్లు, మరొక మూడోవంతు తిరుగుతాయి. ఇటువంటివి 1948లో అమెరికాలో మొదటిసారి అమ్మకానికి వచ్చాయి. ఒక ముఖం 22 నిమిషాలు మోగిందనుకుంటే 733 చుట్లయింది. మధ్యరకం చుట్టు పొడవు సుమారు 65 సెంటీమీటర్లు. గుణించి చూడండి. దాదాపు అర కిలోమీటరు! అంత పొడవు గాడి ఒక పళ్ళెంలో చుట్టి ఉంటుంది.

ఆ గాడి గోడలు తిన్నగా ఉండవు, వంకరలు తిరిగి ఉంటాయి. ఆ వంకరలే పాట. ముల్లు ఆ వంకరల వెంట ఊగుతుంది. గాడి లోపలి గోడ మీద ఎడమ స్పీకరు శబ్దం, బయటి గోడ మీద కుడి స్పీకరు శబ్దం ఉంటాయి. ముల్లు ఒక్కటే రెండింటినీ ఒకేసారి చదువుతుంది. బ్లమ్లీన్ అనే ఆంగ్లేయ ఇంజనీరు 1931లోనే ఈ ఉపాయం చెప్పాడు. కాని ఇటువంటి ప్లేట్లు బజారుకు రావడానికి మరో పాతికేళ్ళకు పైగా పట్టింది. పాపం, ఆయన అవి చూడకుండానే యుద్ధకాలంలో, 1942లో, విమాన ప్రమాదంలో పోయాడు.

ముల్లు ఊపు చిన్న అయస్కాంతం సాయంతో విద్యుత్తుగా మారుతుంది. ఆంప్లిఫయరు దాన్ని పెద్దది చేసి స్పీకరుకు పంపుతుంది. అక్కడ కథ తిరగబడుతుంది. స్పీకరులో గరాటు ఆకారంలో ఒక దళసరి కాగితం, దాని కొసకు తీగచుట్ట, తీగచుట్ట చుట్టూ అయస్కాంతం ఉంటాయి. విద్యుత్తు వచ్చినప్పుడల్లా తీగచుట్ట ముందుకూ వెనక్కూ ఊగి కాగితాన్ని కదిలిస్తుంది. కాగితం గాలిని కదిలిస్తుంది. గాలి మీ చెవిని కదిలిస్తుంది.

"మరి అంత పెట్టె ఎందుకు మావయ్యా? కాగితం ఒక్కటి చాలదా?" అని అడిగాను.

మావయ్య జవాబు చెప్పలేదు. పాత రేడియో ఒకటి తెచ్చి, దాని చిన్న స్పీకరును విప్పి, తీగలు తెగకుండా బల్ల మీద పెట్టాడు. పాట దోమ గీపెట్టినట్టు వచ్చింది. తరవాత ఒక పెద్ద అట్టలో స్పీకరంత కన్నం కోసి, స్పీకరును దానికి ఆనించాడు. ఆశ్చర్యం! ఎక్కడినుంచో మృదంగం వచ్చి కూర్చున్నట్టయింది. ఈ ప్రయోగం మీరూ చేయవచ్చు, బ్యాటరీ రేడియోతో, పెద్దవాళ్ళను దగ్గర ఉంచుకుని.

దీనికి కారణమేమిటంటే, కాగితం ముందుకు కదిలినప్పుడు ముందున్న గాలి ఒత్తుకుంటుంది, అదే క్షణంలో వెనకనున్న గాలి పలచబడుతుంది. ముందు ఒత్తుకున్న గాలి అంచు చుట్టూ తిరిగి వెనక్కు జారి ఆ వెలితిని పూడ్చేస్తుంది. సరికి సరి, శబ్దం సున్న! మంద్రంగా మోగే శబ్దానికి కాగితం నెమ్మదిగా ఊగుతుంది గనక గాలికి చుట్టు తిరిగి పోవడానికి వ్యవధి దొరుకుతుంది. కీచు శబ్దానికి ఆ వ్యవధి ఉండదు. సెకనుకు 50 సార్లు ఊగే శబ్దతరంగం 7 మీటర్ల పొడవుంటుంది. పదివేల సార్లు ఊగేది నిమ్మకాయంత, మూడున్నర సెంటీమీటర్లు. అందుకే అట్టకు బదులు కొయ్యపెట్టె కడతారు. అందుకే మంచి పెట్టెలో మంద్రానికి ఒక పెద్ద కాగితం, తారానికి ఒక చిన్న కాగితం వేరువేరుగా ఉంటాయి.

పెళ్ళిళ్ళలో కొబ్బరిచెట్టుకు కట్టే మైకుసెట్టు బూరా సంగతి వేరు. దానిలో మంద్రం లేదు, కాని మూడు వీధుల అవతలికి వినిపిస్తుంది. అది మనం వినడానికి కాదు, ఊరికి వినిపించడానికి!

మావయ్య తెచ్చిన ప్లేట్లన్నీ ఇంగ్లీషువి. రాక్ సంగీతం అంటారు. ఆ సంగీతంలో ముఖ్యమైన వాయిద్యం ఎలక్ట్రిక్ గిటారు. దాని ఉక్కు తీగల కింద అయస్కాంతాలు, తీగచుట్టలు ఉంటాయి. తీగ కదిలితే విద్యుత్తు పుడుతుంది. అంటే స్పీకరు చేసే పనిని తలకిందులు చేసిందన్నమాట.

మొదటిరోజు మావయ్య పింక్ ఫ్లాయిడ్ అనే బృందం 1973లో ఇచ్చిన 'ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్' వేశాడు. ఒక ముఖం తిప్పగానే గలగలమని నాణేలు పడ్డ చప్పుడు, కాగితం చింపిన చప్పుడు, డబ్బులపెట్టె తెరిచిన చప్పుడు, ఒకదాని తరవాత ఒకటి తాళం ప్రకారం! ఆ చప్పుళ్ళను వేరువేరుగా టేపు మీదికి ఎక్కించి, టేపును కొలిచి ముక్కలుగా కోసి, అతికించి చేశారట. అమ్మమ్మ వంటింట్లోంచి "ఎవరి డబ్బులురా కిందపడ్డాయి?" అంటూ వచ్చింది.

తాతయ్య పడక్కుర్చీలో కళ్ళు మూసుకుని పడుకుని ఉన్నాడు. ఆయనకిది నచ్చదని అందరం అనుకున్నాం. కాసేపటికి ఆయన చెయ్యి తొడ మీద కదలడం మొదలుపెట్టింది. తకిట తకధిమి, తకిట తకధిమి.

"ఏరా, ఇది మిశ్రచాపు కదూ!" అన్నాడు.

నిజమే, 'మనీ' అనే ఆ పాట ఏడు లెక్కల మీద నడుస్తుంది. అటువంటి పాటలు రాక్‌లో అరుదు. కాని మధ్యలో గిటారు వాయించే చోట నాలుగు లెక్కలకు మారుతుంది. తాతయ్య చెయ్యి తడబడింది. "తాళం మార్చేశాడే!" అని కళ్ళు తెరిచాడు. మళ్ళీ ఏడుకు వచ్చేదాకా కూర్చుని విన్నాడు.

ఇంకో ప్లేటు వెనక పెద్ద కథ ఉంది. 1971 డిసెంబరు 4న స్విట్జర్లాండులో జెనీవా సరస్సు ఒడ్డున, మాంత్రో అనే ఊళ్ళో, ఒక భవనంలో కచేరీ జరుగుతోంది. ప్రేక్షకుల్లో ఎవడో కప్పు మీదికి నిప్పు పిస్తోలు పేల్చాడు. భవనమంతా కాలిపోయింది. దైవవశాన ఎవరూ చావలేదు. ఆ భవనంలోనే తమ పాటలు రికార్డు చేసుకుందామని వచ్చిన డీప్ పర్పుల్ బృందం, సరస్సు మీద పొగ పరుచుకోవడం చూస్తూ నిలబడింది. చలికాలం కావడం చేత మూసి ఉన్న ఒక హోటలు నడవల్లో వాళ్ళు ప్లేటు పూర్తిచేశారు. నీటి మీది ఆ పొగ మీదనే ఒక పాట కట్టారు. ఇవాళ గిటారు నేర్చుకునే పిల్లలు ప్రపంచమంతటా మొదట వాయించబోయేవాటిలో అదొకటి.

బీటిల్స్ వాళ్ళు ఇంకా తుంటరులు. 1967 నాటి వాళ్ళ 'సార్జంట్ పెప్పర్స్' ప్లేటును ఇంగ్లండులో అచ్చువేసినప్పుడు చివర సెకనుకు 15,000 సార్లు ఊగే శబ్దం ఒకటి ఎక్కించారు, కుక్కల కోసమట! పిల్లల చెవులకు కూడా అది వినబడుతుంది, తాతలకు సాధారణంగా వినబడదు. ఈ బీటిల్స్ పాటలే మన దేశంలో 78 చుట్ల ప్లేట్లుగా కూడా వచ్చాయి. పశ్చిమ దేశాల్లో అవి మానేసిన తరవాత, 1960ల మధ్యలో, కలకత్తా దగ్గర డండంలో అచ్చువేశారు. కరెంటు లేని ఇళ్ళలో కీ ఇచ్చే గ్రామఫోనులు ఇంకా ఉన్నాయి గనక! ఇప్పుడు ఆ ప్లేట్ల కోసం దేశదేశాల వాళ్ళు వెతుక్కుంటున్నారు.

ఎలక్ట్రిక్ వాయిద్యం మనకు పరాయిదేమీ కాదు. గోదావరికి ఆవలి గట్టున పాలకొల్లులో 1969లో పుట్టిన యు. శ్రీనివాస్, మాండొలిన్‌కు కరెంటు పెట్టి కర్ణాటక సంగీతం వాయించాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజు పాడితే కుర్రవాడు విని తీగల మీద పలికించేవాడు. తొమ్మిదేళ్ళకు గుడివాడలో త్యాగరాజ ఆరాధనలో కచేరీ చేశాడు. తరవాత జాన్ మెక్‌లాక్లిన్ అనే ప్రసిద్ధ గిటారిస్టు పక్కన కూర్చుని ప్రపంచమంతా తిరిగాడు. 2014లో, నలభయి అయిదేళ్ళకే పోయాడు. ఆయన వాయించిన రికార్డు ఒకటి మంచి స్పీకర్లలో వినండి.

ఇక నేను చేసిన ఘనకార్యం చెప్పాలి. ఒకరోజు తాతయ్య నిద్రపోతుండగా ఆయన ప్లేటు ఒకటి తీసి, అరుగు మీద పెట్టి, గాడి కొస ఎక్కడుందో వెతుకుతూ కూర్చున్నాను. ఇంతలో ఎవరో పిలిస్తే కాలవకు పరిగెత్తాను. తిరిగి వచ్చేసరికి ఎండ అరుగెక్కింది. ప్లేటు అంచు అప్పడంలా వంకర తిరిగింది. అది పాండవోద్యోగంలో కృష్ణుడి పద్యం. తాతయ్య కోప్పడలేదు. ప్లేటును రెండు చేతులా వెలుతురుకు ఎత్తి చూసి లోపలికి పట్టుకుపోయాడు. ఆ రోజు భోజనం దగ్గర నాతో మాట్లాడలేదు.

మీ ఇళ్ళల్లో ప్లేట్లుంటే ఎండలో పెట్టకండి. పడుకోబెట్టకండి, పుస్తకాల్లాగ నిలబెట్టండి. గాడి మీద వేలు వేయకండి, అంచునే పట్టుకోండి. వినైలు ప్లేటును స్వేదనజలంతో, మెత్తని గుడ్డతో తుడవవచ్చు. లక్క ప్లేటుకు మాత్రం స్పిరిటు తగలనివ్వకూడదు, కరిగిపోతుంది. వడ్రంగులు బీరువాలకు వేసే పాలిష్ స్పిరిటులో లక్క కరిగించిందే కదా! స్పీకర్ల విషయం మరొకటి: కాగితం చుట్టూ ఉండే స్పాంజి అంచు మన గోదావరి తేమకు పదిహేను ఇరవయ్యేళ్ళలో పిండి అయిపోతుంది. దానికని పెట్టెను పాత సామాన్ల వాడికి ఇవ్వవద్దు. కొత్త అంచు అంటిస్తే మళ్ళీ మోగుతుంది. మావయ్యవి రెండుసార్లు అలా బాగుచేయించాం.

ఆ వంకర ప్లేటు ఇప్పుడు నా దగ్గర ఉంది. దాని మధ్యనున్న కాగితాన్ని చెదలు తినేశాయి, పాడినవారి పేరు పోయింది. అమ్మమ్మను అడిగితే "మీ తాతకే తెలియాలి" అనేది, అప్పటికి తాతయ్య లేడు. అంచు దగ్గర ముల్లు ఎగిరిపడుతుంది గాని, కాగితానికి దగ్గరగా, వంకర లేని చోట, మెల్లగా దించితే చివరి అర నిమిషం పలుకుతుంది. పద్యం చివరి రాగం, హార్మోనియం, తరవాత గరగర. గౌహర్ జాన్ లాగ ఆయన కూడా తన పేరు చెబుతాడేమోనని చివరిదాకా వింటాను. ఆయన కాలానికి ఆ అలవాటు పోయింది.